ఊళ్ళో తిరిగినా, హైవే ఎక్కినా: బండి మీద ఏం వేసుకోవాలి, ఎలా ఎంచుకోవాలి

మన విజయవాడ, గుంటూరు వైపు బండి తీసేటప్పుడు చాలామంది దూరాన్ని చూసి జాగ్రత్త పడతారు. హైదరాబాద్ దాకా వెళ్ళాలంటే హెల్మెట్, జాకెట్, షూ అన్నీ గుర్తొస్తాయి. అదే పటమట నుంచి బెంజ్ సర్కిల్‌కో, బ్రాడీపేట నుంచి లాడ్జి సెంటర్‌కో అయితే కాళ్ళకు హవాయి చెప్పులు, ఒంటి మీద పల్చటి టీషర్టు, హెల్మెట్ ట్యాంకు మీద. అడిగితే "ఊళ్ళోనే కదండీ" అంటారు.

ఆ మాట పక్కన పెట్టి ఒక్కసారి లెక్క చూడండి. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడితే నేలకు తగిలేసరికి తల వేగం గంటకు 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఎవరో వెనక నుంచి గుద్ది పడేసినా ఇంతే. డివైడర్ అంచుకు పుర్రె ఆ వేగంతో తగిలితే చాలు, ప్రాణం పోవచ్చు. ఇక ఒంటి సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పడ్డ మనిషి తారు రోడ్డు మీద ఇరవై మీటర్ల దాకా జారుకుంటూ పోతాడు. 30లో పడినా ఐదు మీటర్లు తప్పదు. పల్చటి చొక్కా అంత దూరం ఆగదు. అది చిరిగాక రోడ్డుకూ చర్మానికీ మధ్య ఇంకేమీ ఉండదు.

అందుకే ఈ సామాను ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే. పక్క వీధిలో పాల ప్యాకెట్‌కి వెళ్ళేటప్పుడు దీన్ని వేసుకోగలమా? మే నెల మధ్యాహ్నం వేసుకోగలమా? వేసుకోలేనిది ఎంత ఖరీదైనదైనా బీరువాలోనే ఉండిపోతుంది. పదివేల జాకెట్ కొని దాచుకోవడం కంటే పదిహేను వందల గ్లవ్స్ కొని రోజూ తొడుక్కోవడం మేలు.

ముందు మీ ప్రయాణం ఏమిటో తేల్చుకోండి

కొట్టుకి వెళ్ళే ముందే ఒక కాగితం తీసుకుని మూడు విషయాలు రాయండి. రోజూ ఏ దారిలో వెళ్తారు, ఏ వేళలో వెళ్తారు, వెనక ఎవరు కూర్చుంటారు.

గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు, గుంటూరులో అరండల్‌పేట, నాజ్ సెంటర్ చుట్టూ తిరిగేవాళ్ళకు వేగం తక్కువ. కానీ ఆటో అడ్డం రావడం, కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకోవడం, సందులోంచి గేదె బయటికి రావడం ఇక్కడే ఎక్కువ. పడితే అరచేతులు, మోకాళ్ళు, చీలమండలు ముందు దెబ్బతింటాయి. విజయవాడ నుంచి గుంటూరుకు, మంగళగిరికి, వడ్డేశ్వరం కాలేజీలకు, వెలగపూడి సచివాలయానికి రోజూ వెళ్ళివచ్చేవాళ్ళది వేరే లెక్క. కనకదుర్గ వారధి దాటగానే ఆరు వరసల 16వ నంబరు జాతీయ రహదారి, పక్కన లారీలు, కొన్నిసార్లు ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బళ్ళు. వీళ్ళకు జాకెట్, మోకాలి రక్షణ తప్పనిసరి అంటాను. ఇక సెలవుల్లో కొండవీడు ఘాట్ రోడ్డుకో, సూర్యలంక తీరానికో వెళ్ళేవాళ్ళు వీళ్ళ జాబితాకే బూట్లు, రెయిన్‌సూట్ కలుపుకుంటే సరిపోతుంది.

డబ్బు ఒక్కసారే అంతా ఉండదు కాబట్టి కొనే వరస ముఖ్యం. ముందు మీ హెల్మెట్, దాంతోపాటే వెనక కూర్చునేవాళ్ళ హెల్మెట్. తర్వాత చీలమండ దాకా మూసే షూ, గ్లవ్స్, మోకాలి గార్డులు. ఆ తర్వాత జాకెట్. ఐదు వేలు చేతిలో ఉంటే రెండు మంచి హెల్మెట్లు, ఒక జత గ్లవ్స్ వస్తాయి. ఇంట్లో ఉన్న గట్టి షూతో మొదలుపెట్టవచ్చు. ఇంకో ఐదారు వేలు కూడాక మోకాలి గార్డులు, బూట్లు. జాకెట్‌కి మెల్లగా కూడబెట్టుకోండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. మీకు మూడు వేల హెల్మెట్, వెనక కూర్చున్న భార్యకో అమ్మకో ఏమీ లేకపోవడం, ఈ వరస వద్దు. పదిహేను వందలవి రెండు కొనండి.

హెల్మెట్: ఇక్కడ తొందరపడొద్దు

హైవే పక్కన చెట్టు కింద తాడుకు వేలాడదీసి అమ్మే హెల్మెట్లు చూసే ఉంటారు. రెండొందలు, మూడొందలు. పోలీసులకు చూపించడానికి తప్ప ఎందుకూ పనికిరావు. దాన్ని చేతిలోకి తీసుకుని లోపల వేలుపెట్టి చూడండి. పైన ప్లాస్టిక్ డొప్ప, లోపల అంటించిన స్పాంజి, అంతే. అసలు హెల్మెట్‌లో డొప్పకూ మెత్తటి గుడ్డకూ మధ్య థర్మాకోల్ లాంటి గట్టి పొర మందంగా ఉంటుంది. తలను కాపాడేది ఆ పొరే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతూ వేగాన్ని తాను మింగుతుంది, మెదడుకు చేరే అదురు తగ్గుతుంది. స్పాంజి ఆ పని చేయలేదు.

గుర్తు చూడటం ఎలాగో చెప్తాను. హెల్మెట్ వెనక వైపు ఐఎస్ఐ ముద్ర ఉంటుంది. దాని పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ముద్ర ఒక్కటీ ఉండి నంబరు లేకపోతే వదిలేయండి. నంబరు ఉంటే ఫోన్లో బీఐఎస్ (ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వారి బీఐఎస్ కేర్ యాప్ తెరిచి అది కొట్టండి. ఏ కంపెనీ, ఏ వస్తువు, లైసెన్సు నడుస్తోందో లేదో కనిపిస్తుంది. డబ్బా మీది కంపెనీ పేరూ ఆ పేరూ కలవాలి. రెండు నిమిషాల పని, కొట్టువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడొద్దు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని ద్విచక్ర వాహన హెల్మెట్ తయారుచేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. కొత్త బండి కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలని కూడా నిబంధన ఉంది, షోరూంలో అడిగి తీసుకోండి. అయితే అది మీ తలకు సరిపోతేనే వాడండి.

రకం విషయానికొస్తే, గడ్డం దాకా మూసే ఫుల్ ఫేస్ హెల్మెట్ తీసుకోమంటాను. ముందుకు పడినప్పుడు దవడ, గడ్డం, పళ్ళు నేలకు తగలడం చాలా మామూలు. సగం హెల్మెట్ వాటికి అడ్డం రాదు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకు, మాటిమాటికీ ఆగి మాట్లాడాల్సిన పని ఉన్నవాళ్ళకు ముందు భాగం పైకి లేచే రకం సౌకర్యం. కానీ దాన్ని పైకెత్తి బండి నడపకూడదు, కిందికి దించి లాక్ పడిన చప్పుడు విన్నాకే కదలండి.

ఇప్పుడు సైజు. దర్జీ టేపు తీసుకుని కనుబొమ్మలకు ఒక అంగుళం పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు చుట్టూ కొలవండి. చాలా కంపెనీల్లో 56 సెంటీమీటర్లు స్మాల్, 58 మీడియం, 60 లార్జ్, 62 ఎక్స్‌ఎల్. రెండింటి మధ్యలో పడితే చిన్నదే ముందు పెట్టి చూడండి. కొట్లో మామూలుగా ఏం జరుగుతుందంటే, మనం లోపలికి తల దూర్చగానే బుగ్గలు నొక్కుకుంటాయి, "టైటుగా ఉందన్నా, ఒక సైజు పెద్దది ఇవ్వు" అంటాం. అతను ఇచ్చేస్తాడు. నెల తిరిగేసరికి లోపలి దిండ్లు నలిగి హెల్మెట్ గిన్నెలా తిరుగుతుంది. కొత్త హెల్మెట్ బుగ్గల దగ్గర గట్టిగా పట్టుకోవాలి. నుదుటి దగ్గర మాత్రం ఒక్క చోటే గుచ్చుకోకూడదు.

సరిపోయిందో లేదో అద్దం ముందు నిలబడి చూడండి. స్ట్రాప్ బిగించి, హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పండి. దాంతోపాటు బుగ్గల చర్మం, కనుబొమ్మలు కదలాలి. హెల్మెట్ మాత్రమే తిరిగి మొహం అలాగే ఉంటే అది పెద్దది. తర్వాత తల కాస్త వంచి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తమని పక్కవాళ్ళకు చెప్పండి. ఊడివస్తే ప్రమాదంలోనూ ఊడివస్తుంది. చివరగా హెల్మెట్ తీయకుండా పది నిమిషాలు కొట్లోనే కూర్చోండి. తీశాక నుదుటి మీద ఒకచోట ఎర్రగా అచ్చు పడి నొప్పి పుడుతుంటే ఆ తయారీ మీ తల ఆకారానికి కుదరలేదని అర్థం, ఇంకో కంపెనీది చూడండి. తలలు కొన్ని గుండ్రంగా, కొన్ని కోలగా ఉంటాయి. ఒకరికి నప్పిన హెల్మెట్ ఇంకొకరికి నప్పదు, కాబట్టి మొదటి హెల్మెట్ ఆన్‌లైన్లో కొనొద్దు.

స్ట్రాప్ కింద రెండు వేళ్ళు పట్టాలి, అంతకు మించి వదులు ఉండకూడదు. రెండు ఇనుప రింగుల్లోంచి దూర్చే రకం జారదు, కానీ అలవాటు కావాలి. టిక్కున పడే బకిల్ తేలిక. ఇంట్లో పెద్దవాళ్ళకు అదే నయం. రోజూ పెట్టుకునే రకం ఏదైతే అదే మంచి రకం. స్ట్రాప్ పెట్టుకోకుండా హెల్మెట్ బోర్లించుకుంటే, కింద పడేలోపే అది తలను వదిలి వెళ్ళిపోతుంది.

వైజర్, అంటే మొహం ముందు దించుకునే అద్దం, రంగు లేనిదే ఉండాలి. నల్లటి వైజర్‌తో రాత్రి నడిపితే లైటు లేని ట్రాక్టరు ట్రక్కు దగ్గరికొచ్చేదాకా కనపడదు. పగటి ఎండకు లోపల దించుకునే నల్ల అద్దం ఉన్నవి దొరుకుతాయి, అవి తీసుకోండి. గుంటూరులో ఉండేవాళ్ళకు వైజర్ విలువ వేరే చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి టిక్కీల (బస్తాల) లోడుతో యార్డుకు వెళ్ళే బళ్ళ వెనక చిలకలూరిపేట రోడ్డులో వెళ్తే కళ్ళు మండి నీళ్ళు కారతాయి. కళ్ళు మూసుకుని బండి నడిపే ఆ రెండు క్షణాలు చాలా ప్రమాదం. వైజర్ పూర్తిగా దించండి, ఆ లోడుకు దూరం జరగండి.

బరువు, రంగు కూడా చూడండి. తెలుపు, లేత బూడిద రంగులు ఎండను తక్కువ పీలుస్తాయి, రాత్రి కనపడతాయి కూడా. నుదుటి దగ్గర గాలి లోపలికి వచ్చే కన్నాలు, వెనక బయటికి పోయే కన్నాలు రెండూ ఉండాలి. లోపలి గుడ్డ విప్పి ఉతుక్కునేలా ఉండాలి. మన చెమటకు అది లేకపోతే నెలకే వాసన పట్టి పెట్టుకోవడం మానేస్తాం.

హెల్మెట్ వల్ల మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూసి 2008లో వచ్చిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. సరిగ్గా పెట్టుకున్న హెల్మెట్ మాట అది.

వెనక కూర్చునేవాళ్ళు, చీరలు, చున్నీలు, జడలు

ఈ విభాగం ఆడవాళ్ళకే అనుకోకండి, బండి నడిపే ప్రతివాళ్ళూ చదవాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా. లేకపోతే 194డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను ఎక్కించుకుంటే, పిల్లను బండి నడిపేవారికి కట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్, పిల్లల సైజు హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. పిల్లను ట్యాంకు మీద కూర్చోబెట్టి స్కూలుకు తీసుకెళ్ళడం బెజవాడలో ఏ వీధిలో చూసినా కనిపిస్తుంది. సడన్ బ్రేకు పడితే ఆ పిల్ల మొహం నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. పెద్దవాళ్ళ హెల్మెట్ పిల్లకు బోర్లించడం కూడా వద్దు, అది కళ్ళ మీదికి జారి మెడ మీద బరువవుతుంది.

చున్నీ, కొంగు, కుచ్చిళ్ళు చక్రంలో పడితే మెడకు బిగుసుకోవడం, మనిషిని వెనక్కి లాగేయడం క్షణంలో జరుగుతుంది. అందుకే బండికి శారీ గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా ఉండాలి. స్టైలుగా లేదని కుర్రాళ్ళు దాన్ని విప్పించేస్తారు. మీ బండికి లేకపోతే ముందు బిగించుకోండి. బండెక్కేముందు కొంగును నడుం చుట్టూ తిప్పి దోపుకోవాలి. చున్నీ అయితే వెనక్కి వేలాడకుండా రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుం దగ్గర ముడి వేయాలి, లేదా బ్యాగులో పెట్టేయాలి. వెనక కూర్చున్నవాళ్ళ గుడ్డ ఎక్కడుందో చూసుకోవడం నడిపేవాళ్ళ పని, కదిలేముందు వెనక్కి తిరిగి చక్రం వైపు ఒకసారి చూడండి. అమ్మకైనా అత్తగారికైనా మొహమాటం లేకుండా "కొంగు దోపుకోండి" అని చెప్పండి.

జుట్టు సంగతి చాలామంది పట్టించుకోరు. క్లచ్చర్ పెట్టి పైకి ముడివేసిన జుట్టు మీద హెల్మెట్ కూర్చోదు, పైకి లేచి ఉంటుంది. పైగా పడినప్పుడు ఆ గట్టి ప్లాస్టిక్ క్లచ్చర్ తలలోకే నొక్కుకుంటుంది. జడ కిందికి అల్లుకుని, మెడ దగ్గర మెత్తటి రబ్బరు బ్యాండు పెట్టుకోండి. పెద్ద జుంకాలు తీసి పర్సులో వేసుకోండి, హెల్మెట్ తీసేటప్పుడు చెవి చీరుకుపోతుంది. ఎండకు మొహానికి స్కార్ఫ్ చుట్టుకునేవాళ్ళు దాని ముడి వెనక తల మీద పెట్టొద్దు. పల్చటి కాటన్ బలక్లావా (తలకూ మొహానికీ తొడుక్కునే గుడ్డ) హెల్మెట్ కింద ముడుతలు లేకుండా పడుతుంది, చెమట పీలుస్తుంది, రోజూ ఉతుక్కోవచ్చు. జుట్టు రాలుతుందని హెల్మెట్ మానేసేవాళ్ళకూ నేను చెప్పేది అదే.

కాళ్ళు, చేతులు

మన ఊళ్ళల్లో చెప్పులతో బండి నడపడం అంత మామూలు మరొకటి లేదు. బండి పక్కకు ఒరిగితే దాని బరువంతా చీలమండ మీద పడుతుంది. చెప్పు మొదటి క్షణంలోనే కాలిని వదిలిపోతుంది. షూ చీలమండ ఎముకలను రెండువైపులా కప్పాలి, మడమ గట్టిగా ఉండాలి, అరికాలు జారకూడదు. రెండు చేతులతో షూ పట్టుకుని తడిగుడ్డను పిండినట్టు మెలితిప్పండి. తేలిగ్గా మెలితిరిగితే మీ పాదమూ అలాగే మెలితిరుగుతుంది. లేసులు ఉంటే కొసలు లోపలికి దోపుకోవాలి, గేరు లివర్‌కో కిక్ రాడ్‌కో తగులుకుంటాయి.

రైడింగ్ బూట్లు కొనలేకపోతే ఫ్యాక్టరీల్లో వాడే చీలమండ దాకా వచ్చే సేఫ్టీ షూ చూడండి. ఐఎస్ 15298 గుర్తు ఉన్నవి ఆటోనగర్ లాంటి చోట్ల పారిశ్రామిక సామాను కొట్లలో వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతాయి. పాదం ముందు ఇనుప టోపీ వల్ల గేరు మార్చడం మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, లివర్ కాస్త పైకి సర్దించుకుంటే అలవాటైపోతుంది. అయ్యప్ప మాల, భవానీ దీక్షలో ఉన్నప్పుడు చెప్పులు వేసుకోరు. ఆ రోజుల్లో బండి పక్కన పెట్టి బస్సులోనో ఆటోలోనో వెళ్ళండి. అది భక్తికి లోటు కాదు.

వెనక కూర్చున్నవాళ్ళ పిక్క సైలెన్సర్‌కు తగిలి కాలడం ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలిసిన గాయం. సైలెన్సర్ లేని వైపు నుంచి ఎక్కడం, దిగడం నేర్పండి. పిల్లలకు పొడుగు సాక్సు వేయండి.

చేతుల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. పడేటప్పుడు ఎవరూ చెప్పకుండానే అరచేతులు ముందుకు వెళ్తాయి. అరచేతి చర్మం ఒకసారి లేచిపోతే వారాల తరబడి అన్నం కలుపుకోలేరు. గ్లవ్స్ తీసుకునేటప్పుడు అరచేతి కింది భాగంలో, మణికట్టు దగ్గర గట్టి ప్లాస్టిక్ ముక్కో రెండో పొర తోలో ఉందేమో చూడండి. చెయ్యి నేలకు పట్టుకుపోకుండా జారేట్టు చేసేది అదే. అది లేకపోతే అరచెయ్యి నేలకు పట్టుకుని మణికట్టు ఎముక విరుగుతుంది. పిడికిలి మీద గట్టి డొప్ప, మణికట్టుకు బిగించుకునే పట్టీ ఉండాలి. పట్టీ బిగించాక వేళ్ళ కొసలు పట్టుకుని లాగండి, ఊడిరాకూడదు. తర్వాత కొట్లోనే హ్యాండిల్ పట్టుకున్నట్టు పిడికిలి బిగించి చూడండి, వేళ్ళ మధ్య కుట్లు గుచ్చుకోకూడదు. వేళ్ళు తెరుచుకుని ఉండే సగం గ్లవ్స్ వద్దు. ఎండ కోసం అమ్మాయిలు వేసుకునే పొడుగు గుడ్డ గ్లవ్స్ నలుపు ఎక్కకుండా ఆపుతాయి, కానీ అవి జారతాయి, బ్రేకు లివర్ మీద పట్టు పోతుంది.

మోకాళ్ళ నుంచి కింద

మామూలు జీన్స్ గట్టిగా కనిపిస్తుంది కానీ రోడ్డు మీద ఎంతోసేపు ఆగదు. పాలియెస్టర్ ట్రాక్ ప్యాంటు ఇంకా ఘోరం, రాపిడి వేడికి కరిగి గాయంలో అంటుకుపోతుంది. లుంగీ మడిచి కట్టి బండెక్కడం ఊళ్ళల్లో ఇంకా ఉంది. మోకాళ్ళకు అడ్డు లేకపోవడం ఒకటి, జారిన కొస చైన్లో పడటం రెండోది.

రోజువారీకి ప్యాంటు మీదే కట్టుకునే మోకాలి గార్డులు చాలు. పిక్క మీదా తొడ మీదా రెండేసి పట్టీలు ఉండాలి, ఒక్కొక్కటే ఉంటే గార్డు పక్కకు తిరుగుతుంది. బండి మీద కూర్చున్నట్టు మోకాలు వంచి కట్టుకోండి, నిలబడి కట్టుకుంటే కూర్చోగానే కిందికి జారుతుంది. ఆఫీసుకు చేరాక విప్పి డిక్కీలో పడేయవచ్చు. ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే లోపల అరామిడ్ (రాపిడికి ఆగే గట్టి నార) పొర, మోకాలి దగ్గర జేబులో ప్యాడ్ ఉన్న రైడింగ్ జీన్స్ తీసుకోండి. ఆఫీసులో చూసేవాళ్ళకు అది మామూలు జీన్సే.

జాకెట్, ఎండ

"ఈ ఎండల్లో జాకెట్ ఏమిటండీ, రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయి" అని అడిగేవాళ్ళకు సూటిగా సమాధానం ఉంది. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయట గాలి అంతకంటే వేడిగా, 42, 43 డిగ్రీల్లో ఉన్నప్పుడు ఒంటికి తగిలే గాలి చల్లార్చదు, ఇంకా వేడెక్కిస్తుంది. చెమట ఆరుతున్నంతసేపే హాయి, అది ఆరే కొద్దీ ఒంట్లో నీరు తరిగిపోతుంది. మిర్చి కోతకు వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని ఎండలో రోజంతా పనిచేసేది ఇందుకే. చేతులు బయట పెట్టుకుని మధ్యాహ్నం గుంటూరు దాకా బండి మీద వెళ్ళినవాడికంటే మెష్ జాకెట్ వేసుకున్నవాడే తక్కువ అలిసిపోతాడు.

మెష్ అంటే గాలి దూరేలా జల్లెడ నేతతో చేసిన జాకెట్. ఛాతీ, చేతుల ముందు భాగం, వీపు మెష్ ఉండాలి. భుజాలు, మోచేతుల దగ్గర మాత్రం గట్టి నేత గుడ్డ ఉండాలి, రోడ్డుకు ముందు తగిలేవి అవే. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎక్కడ ఏ గుడ్డ వాడారో తెలుస్తుంది. తోలు జాకెట్ రాపిడికి అన్నిటికంటే బాగా ఆగుతుంది, కానీ మన కృష్ణా తీరం ఉక్కపోతలో అది డిసెంబరు, జనవరిలకే.

లోపలి ప్యాడ్లు బయటికి తీసి చూడండి. ఇది అడగడానికి హక్కు మీకుంది. భుజాల, మోచేతుల ప్యాడ్ మీద ఐరోపా ప్రమాణాలను తెలిపే సీఈ ముద్ర, ఈఎన్ 1621-1, లెవల్ 1 లేదా 2 అని అచ్చు వేసి ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు ప్యాడ్ దాటి లోపలికి వెళ్ళే బలం లెవల్ 1లో సగటున 35 కిలోన్యూటన్లకు (బలాన్ని కొలిచే లెక్క) మించకూడదు, లెవల్ 2లో 20కి మించకూడదు. వీలైతే లెవల్ 2. వీపు జేబు దగ్గర ఎక్కువగా మోసపోతాం. చాలా జాకెట్లలో అక్కడ మామూలు ఫోమ్ ముక్క పెడతారు. దాన్ని తీసేసి ఈఎన్ 1621-2 గుర్తున్న వీపు ప్యాడ్ విడిగా కొని పెట్టుకోండి. జాకెట్ మొత్తానికి ఈఎన్ 17092 ముద్ర ఉంటే అందులో ఏఏఏ అన్నిటికంటే గట్టిది, తర్వాత ఏఏ, తర్వాత ఏ. మెష్ జాకెట్లలో ఎక్కువగా ఏ దొరుకుతుంది. మన అవసరానికి, మన ఎండకు అది న్యాయమైన బేరం.

వేసుకున్నాక నిలబడి అద్దంలో చూసుకోవడం కాదు, కొట్లో ఉన్న బండి మీదో కుర్చీ మీదో వంగి కూర్చోండి. చేతులు ముందుకు చాపినప్పుడు చేతి చివర మణికట్టు దాటి పైకి పోకూడదు, వీపు దగ్గర నడుం కనపడకూడదు. మోచేతి ప్యాడ్‌ను రెండో చేత్తో పట్టుకుని తిప్పండి, ఎముక మీంచి పక్కకు పోతే చేతి పట్టీలు బిగించండి. అప్పటికీ పోతే సైజు తగ్గించండి. పడినప్పుడు ప్యాడ్ ఒకచోట, మోచెయ్యి ఇంకోచోట ఉంటే ఉపయోగం లేదు.

వేసవిలో ఒక చిట్కా. పొడి వడగాలులు వీచే రోజుల్లో లోపల వేసుకునే కాటన్ బనియన్ తడిపి పిండి వేసుకుని, పైన మెష్ జాకెట్ జిప్పు పూర్తిగా పెట్టుకోండి. ముప్పావుగంట దాకా చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఇది పెద్దగా పనిచేయదు. బయల్దేరేముందు మజ్జిగ, దారిలో నీళ్ళు. తల తిరుగుతున్నట్టు, ఒళ్ళు చల్లబడుతున్నట్టు అనిపిస్తే వెంటనే నీడ చూసి ఆపేయండి, కాజా టోల్ దాటాక చూద్దాంలే అనుకోవద్దు.

వాన, చీకటి

రెయిన్‌కోటు రెండు ముక్కలది, చొక్కా విడిగా ప్యాంటు విడిగా ఉన్నదే కొనండి. మీంచి కప్పుకునే పోంచో గాలికి తెరచాపలా లేస్తుంది, వారధి మీద కృష్ణ గాలికి బండినే పక్కకు లాగుతుంది. చేతుల చివర, చీలమండల దగ్గర ఎలాస్టిక్ ఉండాలి. రంగు పసుపో నారింజో అయితే మంచిది.

వైజర్‌కు ఆవిరి పడితే ఒక మెట్టు పైకెత్తండి. బయల్దేరేముందు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క లోపలి వైపు రాసి, మెత్తటి గుడ్డతో కనపడకుండా తుడిచేస్తే చాలాసేపు ఆవిరి పట్టదు.

రాత్రి మిమ్మల్ని లారీ డ్రైవరు ఎంత దూరం నుంచి చూడగలడనేదే లెక్క. జాకెట్ వీపు మీద మెరిసే పట్టీ ఉందని కొంటారు, దాని మీద కాలేజీ బ్యాగు వేసుకుంటారు, పట్టీ కనపడదు. మెరిసే టేపు బ్యాగుకే కుట్టించండి.

కొన్నాక చూసుకోవాల్సినవి

హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించొద్దు. లోపలి గట్టి పొర అద్దం కొసకు నొక్కుకుని అక్కడ గుంట పడుతుంది. పెట్రోలు, థిన్నర్, పెయింటు తగలనీయకండి, డొప్ప బలహీనపడుతుంది. లోపలి గుడ్డ షాంపూ నీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి. లోపల అంటించిన కాగితం మీద తయారీ తేదీ ఉంటుంది. కొనేటప్పుడే చూడండి, రోజువారీ వాడకంలో ఐదేళ్ళకు మార్చేయండి.

ఒక్కసారి తలతో సహా గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్ పని అయిపోయినట్టే. పైకి గీత కూడా పడకపోవచ్చు, లోపలి పొర మాత్రం అక్కడ నలిగిపోయి ఉంటుంది. రెండో దెబ్బకు అది ఆగదు. జాకెట్, గ్లవ్స్‌లో కుట్లు తెగాయేమో పడిన ప్రతిసారీ లోపలి వైపు తిప్పి చూడండి.

రోడ్డు మీద ఎవరైనా హెల్మెట్‌తో పడిపోయి కనిపిస్తే దాన్ని తొందరపడి లాగొద్దు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుకే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. వైజర్ ఎత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూడండి, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే మాత్రం హెల్మెట్ తీయక తప్పదు. అప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు కింది నుంచి మెడ, దవడ కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు అంచులు వెడల్పు చేస్తూ మెల్లగా జరపాలి.

పాత హెల్మెట్ పారేసేటప్పుడు స్ట్రాప్ రెండు వైపులా కత్తెరతో కోసి, డొప్ప మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టి పారేయండి. బాగున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఎవరో తీసుకెళ్ళి మళ్ళీ పెట్టుకుంటారు.